రెట్టింపక్క చెప్పిన దూరం

సంచిలో ముందు దుప్పటి పెట్టాను. దాని మీద ఇంకో దుప్పటి. మూడు జతల బట్టలు చాలన్నాడు తమ్ముడు, ఆరు పెట్టాను. తలనొప్పి మాత్రలు ఒక పట్టీ అంటే రెండు పెట్టాను. తువ్వాళ్ళు, సబ్బులు, సూది, దారం, కొవ్వొత్తులు, రెండు చుట్టల తాడు. జిప్పు పట్టలేదు. మోకాలు ఆనించి నొక్కుతుంటే తమ్ముడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"అక్కా, నేను వెళ్ళేది తొట్టి కడగడానికి. అడవిలో కాపురం పెట్టడానికి కాదు."

"ఇరవై రోజులురా."

"ఇరవై రోజులకి రెండు తాళ్ళెందుకు? ఒకటి నాకూ, ఒకటి నా నీడకా?"

వంటింట్లోంచి మరదలు అందుకుంది. "వాదన దేనికండీ? వదిన సర్దిన సంచేగా, సగం తీసేయండి."

వాడు కూర్చుని తీయడం మొదలుపెట్టాడు. ఒక దుప్పటి బయటికి. మూడు జతలు బయటికి. ఒక మాత్రల పట్టీ, ఒక తాడు. నేను ఎంత ఓపికగా పెట్టానో అంత ఓపికగా తీశాడు. జిప్పు సుఖంగా పడింది.

సగం తీసేయడం మా ఇంట్లో చట్టం. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మ, "సాయంత్రానికి వచ్చేస్తా, తమ్ముణ్ణి చూసుకో" అని చేతిసంచితో ఆసుపత్రికి నడిచి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ సంచిలో ఒక చీర, ఒక గ్లాసు ఉన్నాయి. రెండో చీర పెట్టుకుని ఉంటే ఇంకో రోజైనా ఉండేదేమో అని ఆ వయసులో నాకు తోచింది. ఇంత వయసొచ్చినా ఆ తోచడం పోలేదు. తర్వాత నన్ను కట్టుకున్నవాడు పని వెతుక్కుంటానని రైలెక్కి, రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నాడు. అతనికి సంచి సర్దిందీ నేనే. తక్కువ సర్దానేమో.

అప్పట్నుంచీ నా నోట్లో ఏ అంకె పడినా రెట్టింపై బయటికొచ్చేది. బండి పదింటికైతే ఎనిమిదింటికే ఉండాలనేదాన్ని. నాలుగు చుక్కలు కురిస్తే ముంచేస్తోందనేదాన్ని. వీధిలో నాకు రెట్టింపక్క అని పేరు. ఇంట్లోవాళ్ళు నేనేం చెప్పినా సగం చేసుకుని వినేవాళ్ళు. నేను రెట్టించడం, వాళ్ళు సగం చేయడం, ముప్పై ఏళ్ళు లెక్క సరిగ్గానే నడిచింది. అందుకే అందులో తప్పుందని ఎవరికీ అనిపించలేదు.

తమ్ముడిదీ నాదీ ఒకే కాగితం మిల్లు. నేను ఊళ్ళోనే, పాత కాగితాలు ఏరే షెడ్డులో. పుస్తకాల అట్టలు చింపడం, గుడ్డ కుట్టు విప్పడం, పిన్నులు పీకడం నా పని. బడికి వెళ్ళినదాన్ని కాదు. ఆ చింపే పుస్తకాల్లోనే అక్షరాలు నేర్చుకున్నాను. అందువల్ల నాకు చాలా సంగతులు మధ్యలోంచి తెలుసు. మొదలూ చివరా తెలియవు. తమ్ముడూ మిగతా రోజులు ఊళ్ళోనే, ఏటా ఇరవై రోజులు మాత్రం బస్సులో ఆరు గంటల దూరాన ఉండే గుజ్జు విభాగానికి వెళ్ళేవాడు. ఏడాదికోసారి అక్కడ పెద్ద తొట్టిని ఖాళీ చేసి, లోపలికి దిగి కడుగుతారు. గుజ్జు మడ్డి కుళ్ళి ప్రాణం తీసే గాలి పుడుతుంది. అందుకని మనుషుల కంటే ముందు తమ్ముడు దిగేవాడు, చేతిలో గ్యాస్ మీటరుతో. అరచేతిలో పట్టే పసుపు డబ్బా. అంకె పది దాటితే కూస్తుంది. అది కూయకపోతే వాడు పైకి చెయ్యి ఊపుతాడు. అప్పుడు మిగతావాళ్ళు దిగుతారు. అక్కడ వాణ్ణి పేరుతో పిలిచేవాళ్ళు కాదు, మీటర్ అనేవాళ్ళు.

అంతకు ముందటేడు వాడు ఆ పని ముగించుకుని వచ్చినప్పుడు సంచి విప్పింది నేను. జిప్పు లాగగానే కుళ్ళిన గుడ్డు వాసన మొహాన కొట్టింది. వెనక్కి తూలాను.

"ఏంట్రా ఈ కంపు?"

"కంపా? ఏ కంపూ లేదే." చొక్కా ముక్కుకి పెట్టుకుని మరీ చూశాడు. "సబ్బుతో ఉతికినవే అక్కా."

"వదినకే కాదు, నాకూ కొడుతోంది" అంది మరదలు, ముక్కు మూసుకుని. మరదలు నా పక్షాన మాట్లాడటం ఆ ఏడాదికి అదే మొదలు, అదే చివర.

వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలనొప్పి అన్నాడు. "మీటరు ఎంత చూపించింది?" అంటే, "ఇరవై రోజులూ సున్నా. ఒక్కసారి కూడా కూయలేదు, బంగారుతల్లి" అన్నాడు.

ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. బట్టలకి పట్టిన వాసన మీటరుకి ఎందుకు పట్టలేదు?

జవాబు నాకు ఏడాది తర్వాత, ఒక చిరుగు పుస్తకంలో దొరికింది. ఏదో పనిముట్టుతో వచ్చిన చిన్న పుస్తకం. సగం పేజీలు లేవు. ఉన్న పేజీలో ఇలా ఉంది: మీటరుకి సున్నా అంటే ఏమిటో దానంతట దానికి తెలియదు. మనం ఏ గాలిలో నిలబెట్టి సున్నా మీట నొక్కుతామో ఆ గాలినే మంచి గాలి అనుకుంటుంది. ఆ గాలిలో ఉన్న విషాన్ని తర్వాత చూపించే ప్రతి అంకెలోంచీ తీసేస్తుంది. కిందే ఇంకో మాట. మనిషి ముక్కు కూడా ఈ వాయువుకి కాసేపట్లో అలవాటుపడి, లేనట్టే ఊరుకుంటుంది.

ఆ పేజీ జాకెట్లో దోపుకుని ఇంటికొచ్చి తమ్ముణ్ణి అడిగాను. "ఒరేయ్, ఆ మీటరుకి సున్నా ఎక్కడ నొక్కుతావు?"

"తొట్టి పక్క షెడ్డులో. దిగే ముందు. మేస్త్రీ అలాగే నొక్కమంటాడు."

వాడు మళ్ళీ బయల్దేరడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ నాకు కంటి మీద కునుకు లేదు.

గుజ్జు విభాగం మేస్త్రీ మనుషుల్ని ఎంచుకోవడానికి మా షెడ్డుకి వచ్చాడు. ఆయన మొదట్లో మా దగ్గర కాగితం కట్టలు తూచిన మనిషి. కాటా మేస్త్రీ అంటారు. చెడ్డవాడు కాదు. కాటా దగ్గర నిలబడి ఉంటే వెళ్ళి పేజీ చూపించాను. చదవలేదు, కాటా చూపించాడు.

"రెట్టింపక్కా, ఇదేం చేస్తాం? ముందు ఖాళీ బండి ఎక్కిస్తాం. సున్నా నొక్కుతాం. తర్వాత కాగితం వేస్తాం. బండి బరువు కాగితం ఖాతాలో వెయ్యం కదా? అదీ అంతే. తొట్టి దగ్గర ఎప్పుడూ ఉండే వాసన తొట్టిది. మనక్కావలసింది కొత్తగా పుట్టేది. అందుకే పని చేసే చోటే సున్నా పెట్టిస్తాను. ఆరేళ్ళ నుంచి ఇదే పద్ధతి."

"బండి బరువుని మనం పీల్చం కదా మేస్త్రీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే సంచిలోంచి రిజిస్టరు తీశాడు. ఆరేళ్ళది. రోజూ పని ముగిశాక ప్రతి మనిషీ, తలనొప్పి లేదు, కళ్ళు మంట లేవు అని సంతకం పెట్టాలట. పేజీలకి పేజీలు సంతకాలు. "చూడు. నూటికి తొంభై ఎనిమిది మందికి ఏమీ లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

నేను పోయినేడాది పేజీల మీద వేలు పెట్టి పేర్లు చదివాను. రెండో రోజు ముప్పై మంది. పదో రోజు ఇరవై రెండు. పదిహేనో రోజు పంతొమ్మిది.

"మిగతా పదకొండు మందీ ఏరీ?"

"మానేశారు. ఒంట్లో బాగాలేదనో, ఇంకోటనో. కూలి పని కదా, వస్తారు, పోతారు."

"మరి వాళ్ళ సంతకాలేవి?"

"మానేసినవాడు సంతకం పెట్టడానికి ఎందుకొస్తాడక్కా?" అని ఆయన రిజిస్టరు మూసేశాడు. ఈసారి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయాలో తెలియక. తలనొప్పి వచ్చినవాడు వెళ్ళిపోతే, ఉన్నవాళ్ళని అడిగి తలనొప్పి లేదని రాసుకున్నారు. ఆ సంగతి ఇంటికి నడుస్తుంటే స్పష్టంగా తెలిసింది.

దారిలో రేడియో బాబాయి కొట్టు ఉంది. బాబాయి చుట్టం కాదు. వీధి మొత్తానికి బాబాయే. విప్పిన రేడియో ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు నుదుటికి ఎక్కించి అంతా విన్నాడు.

"అమ్మాయ్, నీ జబ్బు దీనికీ ఉంది" అన్నాడు రేడియోని తట్టి. "పాట లేనప్పుడు కూడా దీని లోపల కాస్త కరెంటు పారుతూనే ఉండాలి. దాన్ని బయాస్ అంటాం. అది లేకపోతే సన్నటి గొంతు దీనికి వినపడదు, అరిస్తేనే లేస్తుంది. నీకూ అంతే. ఊరికే ఉన్నప్పుడూ కాస్త భయం పారుతుంటుంది. అందుకే ఊరందరికీ పట్టని వాసన నీకు పట్టింది."

"అయితే మంచిదేనంటావా బాబాయ్?"

"కాస్తయితే మంచిది. ఎక్కువైతే వేడెక్కి మాడిపోతుంది. నువ్వు మాడి చాలా కాలమైంది."

"మరి నా మాట ఎవరూ వినరేం?"

ఆయన ఇంకో చిన్న ముక్క తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. "ఇది ఎప్పుడూ ఉండే గుయ్యిమనే మోతని తీసేసే భాగం. తెలివైందే. కానీ ఎవరైనా ఒకే స్వరం పట్టుకుని విడవకుండా పాడారనుకో, దాన్నీ మోతే అనుకుని తీసేస్తుంది. నువ్వు ముప్పై ఏళ్ళుగా ఒకే స్వరం పాడుతున్నావు."

ఆ మాట నన్ను నిలువునా పట్టుకుంది. ఇంటికెళ్ళి కూర్చుని ఆలోచించాను. ఈసారి రెట్టించకూడదు. అరవకూడదు. పుస్తకంలో రాసినట్టు, ఉన్నది ఉన్నట్టు, కొలిచి చెప్పాలి.

తమ్ముణ్ణి మెల్లగా అడిగి ఆ చోటు వివరాలు రాబట్టాను. షెడ్డు నుంచి గేటుకి నాలుగొందల అడుగులు. గేటు బయట రోడ్డు, అవతల మైదానం, ఎప్పుడూ గాలి. అంటే గేటు దగ్గర నొక్కితే చాలు. గేటు దగ్గర నొక్కరా అని చెబితే సరిపోయేది. కానీ చదువు కొత్తగా వచ్చినదాన్ని, అంకె లేకుండా చెబితే అది ఆడవాళ్ళ భయంలా వినిపిస్తుందనుకున్నాను. మంచి కాగితం ముక్క మీద, గుండ్రంగా, రెండు వాక్యాలు రాశాను. తొట్టికి నాలుగు వందల అడుగుల దూరంలో సున్నా నొక్కాలి. తొట్టిలో ఒకరు పడితే రెండోవారు దిగరాదు.

రెండో వాక్యం కూడా ఆ చిరుగు పేజీలోదే.

వాడు సంచిలోంచి సగం తీసేసిన రోజు ఆ చీటీ చొక్కా జేబులో పెట్టాను. వాడు తీసి చదివాడు. "అబ్బో, ఇంజనీరు గారు" అన్నాడు. కానీ మళ్ళీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు.

"చేస్తావురా?"

"చేస్తా."

"మేస్త్రీ తిడితే?"

"నన్ను తిట్టనిదెవరు? ఆయన తిట్లకి ఓర్చుకోవచ్చు, నువ్వు ఏడిస్తే వినలేను."

ఇది రెట్టింపు కాదురా, ఉన్న అంకే రాశాను అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఇన్నేళ్ళూ చెప్పినవన్నీ రెట్టింపులని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. మరదలు ఎదురుగా నిలబడి ఉంది. మింగేశాను.

వాడు సంచి భుజాన వేసుకుని వీధి మలుపులో చెయ్యి ఊపాడు. మామూలుగా నేను మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ పిలిచి, ఇంకో జాగ్రత్త చెప్పి పంపేదాన్ని. ఆ రోజు గడప దాటలేదు. కొత్త మనిషిని కావాలనుకున్నాను.

పని మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం వీధి చివర మందుల షాపుకి ఫోన్ వచ్చింది. పరుగెత్తాను.

"అక్కా, రోజూ బయటికెళ్ళే నొక్కుతున్నా. నీ చీటీ జేబులోనే ఉంది."

"నిజంగా?"

"నిజం. మిగతావాళ్ళవీ కలిపి పన్నెండు మీటర్లు బుట్టలో వేసుకుని ఊరేగుతున్నా. మేస్త్రీ నాకు బుట్టబాబు అని పేరు పెట్టాడు."

"కళ్ళు ఎర్రబడ్డాయా?"

"కొంచెం. పోయినేడాది మీద చాలా నయం. తలనొప్పి కూడా అంతగా లేదు. నీ లెక్క కరెక్టే ఇంజనీరు గారూ."

ఎవరైనా కొంచెం అంటే చాలా అని వినడం నా స్వభావం. ఎన్ని అడుగులు వెళ్తున్నావు, ఎక్కడ నిలబడుతున్నావు, ఆ పక్కన ఏముంది అని వంద అడిగేదాన్ని. ఆ రోజు అడగలేదు. నా లెక్క కరెక్టు అన్నాడు. జీవితంలో మొదటిసారి నా మాట ఒకరు సగం చేయకుండా విన్నారనుకున్నాను. ఆ తీపి నోట్లో కరుగుతుంటే ఇంకో ప్రశ్న రాలేదు. మందుల షాపాయన, "ఏమ్మా, ఇవాళ ఏడవలేదే?" అన్నాడు. ఏడవలేదని గర్వంగా ఇంటికి వచ్చి మరదలికి చెప్పాను. ఆమె కూడా, "చూశారా వదినా, నెమ్మదిగా చెబితే వింటారు" అంది.

ఆ తర్వాత ఐదు రోజులు నేను సుఖంగా ఉన్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

సంచి తెచ్చింది నిచ్చెన అనే మనిషి. పొడుగ్గా ఉంటాడు కాబట్టి ఆ పేరు. తొట్టి అంచున నిలబడి, లోపలికి దిగినవాడి నడుముకి కట్టిన తాడు పట్టుకోవడం అతని పని. కబురు అప్పటికే వచ్చింది, చేయవలసినవన్నీ అయిపోయాయి. మరదలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిచ్చెన కుర్చీ వద్దని నేల మీద కూర్చున్నాడు.

"మీ తమ్ముడు మీ మాట ఒక్కరోజు తప్పలేదమ్మా. వానొచ్చినా సరే, బుట్ట పట్టుకుని నడిచేవాడు. అడుగులు పైకే లెక్కపెట్టేవాడు. మేం వెక్కిరించేవాళ్ళం. నూట తొంభై ఎనిమిది, నూట తొంభై తొమ్మిది, రెండొందలు. సరిగ్గా అక్కడ ఆగి నొక్కేవాడు."

"రెండొందలా?"

"అవునమ్మా. ఎందుకురా అంత లెక్క అంటే, మా అక్క నాలుగొందలంది, అంటే రెండొందలు, ఇది మా ఇంటి కాటా అని నవ్వేవాడు."

గోడ వైపు ఉన్న మరదలి వీపు కదలడం ఆగింది. నేను ఆమెను చూడలేకపోయాను.

"ఆ చోట ఏముంది?"

"ఏమీ లేదమ్మా. రాతి పలకలు పరిచి ఉంటాయి. కింద కాలవ. తొట్టి నీళ్ళు అందులోంచే బయటికి పోతాయి. ఇంకో వంద అడుగులు వెళ్తే ఆ పలకలు అయిపోతాయి."

తర్వాత విచారణకి వచ్చినవాళ్ళు ఆ పలకల మీద వేరే మీటరు పెట్టి చూశారు. పన్నెండు చూపించిందట. తమ్ముడి చేతిలో మీటరు ఆ పన్నెండుని సున్నా అనుకుని తొట్టిలోకి దిగింది. తొమ్మిదో రోజు తొట్టి అడుగున అది ఆరు చూపించినప్పుడు అక్కడ పద్దెనిమిది ఉంది. పది దగ్గర కూయవలసింది కూయలేదు. కూసి ఉంటే వాడు అప్పటికే పైకెక్కే మెట్ల మీద ఉండేవాడు. ఆరే కదా అని వాడు పారతో మడ్డిని కదిపి చూశాడు. కింద పట్టి ఉన్నదంతా ఒక్కసారిగా లేచింది. అప్పుడు కూసింది.

"తాడు లాగాను. బరువుకి నా చేతులు చాల్లేదు. దూకబోయానమ్మా" అన్నాడు నిచ్చెన. అరచేతులు చూపించాడు. తాడు కోసిన గీతలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. "ఒకడు పడితే రెండోవాడు దిగకూడదు, మా అక్క మాట అని వాడు రోజూ మాకు చెప్పేవాడు. అది గుర్తొచ్చి ఆగిపోయాను. ఆగి, పదిమందిని పిలిచి లాగేసరికి..." అతను తల వంచుకున్నాడు. "నాకు ఇద్దరు ఆడపిల్లలమ్మా."

"మంచి పని చేశావు నాయనా" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

దిగరాదు అనే మాటని ఎవరూ సగం చేయలేరు. గేటు దగ్గర అనే మాటనీ సగం చేయలేరు. నాలుగు వందలని సగం చేయవచ్చు. చీటీ రాసేటప్పుడు అంత తెలివిగా రాస్తున్నాననుకున్నదాన్ని, వాడి చేతికి సగం చేయడానికి వీలైనదాన్నే ఇచ్చాను. కాటా మేస్త్రీని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన ఒకసారి మా వీధికి వచ్చి, మా గుమ్మం ముందు కాసేపు నిలబడి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. పిలవాల్సింది. ఆయన పెట్టిన సున్నా తప్పయితే, నేనిచ్చిన అంకె ఏమంత ఒప్పు?

నిచ్చెన వెళ్ళాక సంచి విప్పాను. ఒక దుప్పటి, మూడు జతలు, ఒక మాత్రల పట్టీ, ఒక తాడు. మాత్రలు నాలుగు వాడాడు. వాసన ఉంది. మరదలు లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. "సగం తీసేయమన్నది నేనే వదినా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ముప్పై ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. ఆమె బజారుకి బయల్దేరితే రెండు గొడుగులు ఇస్తాను. రెండూ తీసుకుని వెళ్తుంది.

మా తమ్ముడు తిరిగి రాలేదు. పంతొమ్మిది వందల ఎనభై ఆరు, జూన్ పన్నెండు, గురువారం, పొద్దున పదీ ఇరవైకి పోయాడు.